బండివాని ప్రశ్న: నాయకుని వయస్సు, ప్రజలతో ఎడం — ఒక పరిశీలన

1. ప్రవేశిక

రాజకీయ నాయకులలో వయస్సు మళ్లినవారు ప్రజల జీవితానికి ఎడమైపోతారనీ, యువకులు ప్రజలకు దగ్గరగా ఉంటారనీ ఒక అభిప్రాయం బలంగా ఉంది. దీనికి ఎదురు వాదమూ అంతే బలమైనది. లోకం చూసినవానికే లోకం తెలుస్తుందనీ, యువకునికి ఉత్సాహమే తప్ప ఎరుక ఉండదనీ ఆ వాదం. పైకి ఇవి రెండూ పరస్పర విరుద్ధాలు. కాని రెండింటికీ పునాది ఒక్కటే. మనిషి పుట్టి ఎన్నేళ్లయిందో తెలిస్తే అతనికి జనం ఎంత తెలుసో చెప్పవచ్చునన్నదే ఆ పునాది. అది నిలుస్తుందా అన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

మన రాజ్యాంగం ఈ విషయంలో ఒక వైపు మాత్రమే హద్దు గీసింది. శాసనసభకు గాని లోక్‌సభకు గాని పోటీ చేయాలంటే 25 ఏళ్లు, శాసనమండలికి గాని రాజ్యసభకు గాని 30 ఏళ్లు నిండాలి. పై హద్దు లేదు. ఉద్యోగికి మాత్రం పై హద్దు ఉంది. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి పదవి చేపట్టిన ఎన్.టి. రామారావుకు అప్పటికి 59 ఏళ్లు. కొద్ది వారాలలోనే ఆ ప్రభుత్వం రాష్ట్ర ఉద్యోగుల పదవీవిరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించింది; మరుసటి సంవత్సరం అది మళ్లీ 58 అయింది. కార్యాలయంలో పనికి ముదిమి అనిపించిన వయస్సు పాలనకు ఆరంభదశ అయింది. దీనిని వైపరీత్యమని తోసిపుచ్చనవసరం లేదు. వయస్సు అనే కొలతను మనం ఎక్కడ ఎందుకు వాడుతున్నామో స్పష్టంగా ఆలోచించలేదనడానికి ఇది నిదర్శనం.

ఈ అస్పష్టత రాజకీయాలకే పరిమితమై ఉంటే తెలుగు శాఖవారు పట్టించుకోనక్కరలేదు. కాని మన సాహిత్య విమర్శ కూడా గత నూరేళ్లుగా పాతతరం, కొత్తతరం అన్న విభాగాన్ని చాలా సందర్భాలలో విలువ నిర్ణయానికి వాడుకొంది. యువకవి అనగానే ముందుచూపు, వృద్ధకవి అనగానే వెనుకచూపు అన్న ఊహ మన వాడుకలో స్థిరపడింది. పాత్రలను చదివేటప్పుడూ ఇదే అలవాటు పనిచేస్తుంది. సంస్కరణను గురించి మాట్లాడే యువపాత్రను రచయిత ప్రతినిధిగానూ, అడ్డుపడే వృద్ధపాత్రను కాలంచెల్లిన వ్యవస్థకు ప్రతినిధిగానూ చదువుతాము. ఈ అలవాటు వల్ల మన ప్రధాన గ్రంథాలు చెప్పిన ఒక సూక్ష్మమైన సంగతి మన దృష్టికి రాకుండా పోయిందని నా అభిప్రాయం.

పరిశీలనకు మూడు రచనలను తీసుకొన్నాను: కవిత్రయ భారతం, గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’, టంగుటూరి ప్రకాశం ఆత్మకథ ‘నా జీవితయాత్ర’. ఇవి కాలంలోనూ ప్రక్రియలోనూ వేరువేరు. ఆ భేదమే ఇక్కడ ఉపయోగం. మూడు భిన్న ప్రక్రియలలో ఒకే అంశం తేలితే దానిని ఒక కవి సొంత అభిప్రాయంగా తీసివేయలేము. ఇక్కడ ‘ఎడం’ అన్న మాటను నాయకునికీ జనజీవనానికీ మధ్య ఏర్పడే దూరం అన్న అర్థంలో వాడుతున్నాను. ఈ ఎడం తెలియకపోవడం వల్ల రావచ్చు. తెలిసీ పట్టించుకోకపోవడం వల్ల రావచ్చు. ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే వయస్సు ప్రశ్న చిక్కుపడింది.

2. శరీరం మారినా మారని మనస్సు

వయస్సుకూ రాజ్యానికీ ఉన్న సంబంధాన్ని తెలుగు పాఠకునికి మొదట పరిచయం చేసేది ఆదిపర్వంలోని యయాతి కథ. శుక్రుని శాపంతో యయాతికి అకాల వార్ధక్యం వచ్చింది. దానిని తీసుకొని తమ యౌవనం ఇమ్మని కుమారులను అడిగాడు. పెద్దవాడైన యదువు మొదలైనవారు ఒప్పుకోలేదు. కడగొట్టువాడైన పూరుడు ఒప్పుకొన్నాడు. వేయి సంవత్సరాల తరువాత, కోరిక అనుభవంతో తీరేది కాదని తెలుసుకొన్న యయాతి యౌవనాన్ని తిరిగి ఇచ్చి పూరునికి పట్టం కట్టాడు.

ఈ కథను సాధారణంగా భోగవిరక్తికి దృష్టాంతంగా చెబుతారు. మన ప్రశ్న దృష్ట్యా చూస్తే ఇందులో మరొక అంశం ఉంది. ఇక్కడ వయస్సు ఒకరి శరీరం నుంచి మరొకరి శరీరానికి మారింది. స్వభావం మాత్రం మారలేదు. యువశరీరం వచ్చినంత మాత్రాన యయాతి మరో మనిషి కాలేదు. అంతకు ముందున్న తృష్ణే కొనసాగింది. ముదిమి మీద పడినంత మాత్రాన పూరుడు తన వినయాన్ని కోల్పోలేదు. జ్యేష్ఠుని కాదని కనిష్ఠునికి పట్టం కట్టడమేమిటని ప్రజలు అడిగితే యయాతి కారణం చెప్పవలసి వచ్చింది. రాజ్యార్హతకు వయస్సు క్రమం చాలదన్న నిర్ణయం ప్రజల ప్రశ్నకు సమాధానంగా వెలువడటం గమనించదగ్గది.

సభాపర్వంలోని ద్యూతసభ ఇదే విషయాన్ని మరింత తీవ్రంగా చూపుతుంది. ద్రౌపది వేసిన ప్రశ్నకు భీష్ముడు ధర్మం సూక్ష్మమని చెప్పి తేల్చలేకపోయాడు. ధృతరాష్ట్రుడు పెదవి విప్పలేదు. అప్పుడు లేచి, ఆమెను గెలిచినట్లు కాదని చెప్పినవాడు దుర్యోధనుని తమ్ముడు వికర్ణుడు. కర్ణుడు అతనిని మందలించినప్పుడు వాడిన వాదాలలో ఒకటి వయస్సుకు సంబంధించినది: బాలుడవై ఉండి పెద్దవానివలె సభలో మాట్లాడుతున్నావన్నది. మందలించిన కర్ణుడూ వృద్ధుడు కాడు. ఒక యువకుడు మరొక యువకుని నోరు మూయించడానికి పెద్దరికాన్ని అరువు తెచ్చుకొన్నాడు.

ఇక్కడ ఆగి, యువకుడు నిజం చెప్పాడు, వృద్ధులు మౌనం వహించారు అని సూత్రీకరిస్తే భారతాన్ని సగమే చదివినట్లు. ఆ సభలో మొదటి నుంచీ అభ్యంతరం చెప్పిన విదురుడు వృద్ధుల పక్షంవాడే. వస్త్రాపహరణానికి పూనుకొన్న దుశ్శాసనుడు, ఆజ్ఞాపించినవారు, నవ్వినవారు యువకులే. విదురుడూ వికర్ణుడూ ఒకవైపు, ధృతరాష్ట్రుడూ దుర్యోధనుడూ మరొకవైపు నిలిచినప్పుడు వయస్సు ఆ రెండు పక్షాలనూ విడదీయదు; రెండింటికీ అడ్డంగా పోతుంది. పైగా వికర్ణుడు కూడా చివరకు అన్నగారి పక్షానే యుద్ధం చేసి మరణించాడు. నిజాన్ని చూడగలగడం ఒకటి, దానికి మూల్యం చెల్లించడం మరొకటి. మొదటిది అతనికి సాధ్యమైంది, రెండవది కాలేదు.

ధృతరాష్ట్రుని విషయంలో ఈ భేదం ఇంకా స్పష్టం. ఉద్యోగపర్వంలో సంజయుడు పాండవుల వద్దకు రాయబారిగా వెళ్లి వస్తాడు. సందేశాన్ని మరునాడు సభలో చెబుతాననగానే రాజుకు నిద్ర పట్టదు. విదురుని పిలిపించి రాత్రంతా నీతి వింటాడు. తరువాత శ్రీకృష్ణుడు వచ్చి చెబుతాడు. గాంధారిని సభకు రప్పించి కుమారునికి చెప్పిస్తారు. ఇంతగా వినిన రాజు మన సాహిత్యంలో మరొకడు కనిపించడు. చూపులేని ఆ వృద్ధునికి సమాచారం కొరవడలేదు. తెచ్చినవారెవరూ అతనికి అబద్ధం చెప్పలేదు. విన్నదానిని అతడు కాదనలేదు కూడా. ఒప్పుకొంటాడు, కుమారుడు ఎదుటికి వచ్చేసరికి ఆ ఒప్పుకోలు నిలవదు. అతని ఎడం తెలియకపోవడం వల్ల వచ్చినది కాదు. తెలిసినదానిని ఆచరిస్తే పోగొట్టుకోవలసినది ఒకటి ఉంది; దానికి సిద్ధపడకపోవడం వల్ల వచ్చినది. ఆ బలహీనత వార్ధక్యంతో పుట్టలేదు. లక్క ఇంటి నాటికే అది ఉంది.

వయోవృద్ధుడు, జ్ఞానవృద్ధుడు అని వేరువేరు మాటలు మన భాషలో ఉండడం యాదృచ్ఛికం కాదు. వృద్ధత్వం అనే గౌరవాన్ని ఏళ్ల లెక్క నుంచి విడదీయడానికి సంప్రదాయం చేసిన ప్రయత్నమది. ఆ ప్రయత్నం ఆచరణలో ఎంత విఫలమైందో ద్యూతసభే చెబుతుంది.

3. బండివాడు అడిగినది

‘కన్యాశుల్కం’ మొదట 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా మారిన రూపంలో వెలువడింది. మనం నేడు చదివేది ఆ 1909 నాటి రూపం. అందులో గిరీశం శిష్యుడైన వెంకటేశంతో ఒక సంగతి చెబుతాడు. దారిలో బండివానికి నేషనల్ కాంగ్రెసును గురించి రెండు గంటలసేపు ఉపన్యాసం ఇచ్చాడట. అంతా విన్న బండివాడు తమ ఊరి హెడ్డు కనిష్టీబును కాంగ్రెసువారు ఎప్పుడు బదిలీ చేస్తారని అడిగాడట. జనానికి రాజకీయం ఎక్కదనడానికి గిరీశం దీనిని రుజువుగా చూపుతాడు.

ఈ ఘట్టం వద్ద ప్రేక్షకులు నవ్వుతారు. ఎవరిని చూసి నవ్వుతున్నామన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. బండివాని అమాయకత్వాన్ని చూసి నవ్వితే మనం గిరీశం పక్కన కూర్చున్నట్లే. గురజాడ ఆ నవ్వును మరోవైపుకు తిప్పాడని నేను భావిస్తున్నాను. పల్లెవానికి ప్రభుత్వం అంటే లండన్ కాదు, కలకత్తా కాదు; హెడ్డు కనిష్టీబు. అతని అధికారమే తన బతుకును రోజూ తాకే అధికారం. అధికారాన్ని మార్చడానికి ఒక సంస్థ పుట్టిందని రెండు గంటలు చెబితే, అయితే నా మీద ఉన్న అధికారాన్ని మారుస్తుందా అని అడగడం కంటె తార్కికమైన ప్రశ్న ఏముంటుంది? వక్తకు అందని రాజనీతి శ్రోతకు అందింది.

గిరీశం యువకుడు. ఇంగ్లీషు చదివినవాడు. విధవావివాహం, నాచ్ వ్యతిరేకోద్యమం, కాంగ్రెసు మొదలైన కొత్త కాలపు విషయాలన్నీ అతని నాలుక మీద ఉన్నాయి. కాలంతో పరిచయమే కొలత అయితే నాటకంలో అతనికి మించి దగ్గరైనవాడు లేడు. ఐనా జనంతో అతని ఎడం అగ్నిహోత్రావధాన్లకు ఉన్న ఎడం కంటె తక్కువ కాదు. అగ్నిహోత్రావధాన్లు వినడు. గిరీశం వింటాడు, కాని విన్నది అతనికి పనిముట్టు. అభిప్రాయాలు అప్పుడప్పుడు మార్చుకోనివాడు రాజకీయవేత్త కాలేడని అతడే చెప్పుకొంటాడు. మారడం ఇక్కడ గుణం కాదు. ఏ అభిప్రాయానికీ తాను మూల్యం చెల్లించలేదు గనుక దేనినైనా తేలికగా వదులుకోగలడు. బుచ్చమ్మ వైధవ్యం అతని ఉపన్యాసానికి విషయం, తన స్వార్థానికి మార్గం. ఆమె ఏమి కోరుకొంటున్నదన్న ప్రశ్న అతనికి తట్టదు.

దీనికి ఎదురుగా సౌజన్యారావు పంతులున్నాడు. గిరీశం కంటె పెద్దవాడు, పలుకుబడి గల వకీలు. అతనికీ ఒక అంధత్వం ఉంది. వేశ్యను చూడనన్న అతని నియమం సంస్కరణోద్యమంలో గౌరవం పొందినదే. కాని ఆ నియమమే అతనికి గిరీశం నిజస్వరూపం తెలియకుండా అడ్డుపడింది. చివరకు ఆ నిజాన్ని అతనికి చెప్పినది మధురవాణి. తాను చూడనని వ్రతం పట్టినవారిలో ఒకతె చెప్పిన మాటను అతడు విన్నాడు, నమ్మాడు, దాని ప్రకారం గిరీశాన్ని పంపివేసి బుచ్చమ్మను పూనాలోని విధవాశరణాలయానికి పంపే ఏర్పాటు చేశాడు. నియమం కొంత సడలింది. తన గురించి తనకున్న అభిప్రాయానికి కొంత దెబ్బ తగిలింది. ఆ మూల్యం చెల్లించాడు గనుకనే అతనికి విషయం తెలిసింది.

ధృతరాష్ట్రుడు వింటాడు, ఆచరించడు. గిరీశం వింటాడు, వాడుకొంటాడు. సౌజన్యారావు వినకూడదనుకొన్నవారి నుంచి విని మారుతాడు. ఈ ముగ్గురినీ వరుసలో పెట్టి చూస్తే వయస్సు ఆ వరుసకు ఆధారం కాదని తెలుస్తుంది.

4. ఆత్మకథలో మారిన గొంతు

ఇంతవరకు చూసినవి కల్పిత, పౌరాణిక పాత్రలు. నిజజీవితంలో వార్ధక్యం వల్ల ఏ ఎడమూ రాదా అన్న ప్రశ్న మిగిలి ఉంది. దానికి తెలుగువారి రాజకీయ చరిత్రలో అత్యంత ఉచితమైన ఉదాహరణ ప్రకాశం. 1872 ఆగస్టు 23న జన్మించిన ఆయన 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి అయ్యేనాటికి 81 ఏళ్లవాడు.

‘నా జీవితయాత్ర’ తొలి మూడు భాగాలు ప్రకాశం రాసినవి. నాలుగవ భాగాన్ని ఆయన అనుచరుడు తెన్నేటి విశ్వనాథం రాశారు. ముఖ్యమంత్రిత్వ కాలం ఈ నాలుగవ భాగానికి చెందుతుంది. ఈ విభజన ప్రచురణ విశేషంగా తరచు ప్రస్తావితమైనా, విమర్శ దృష్టితో దీని ప్రాధాన్యం వేరు. ఒంగోలులో తల్లి పూటకూళ్ల ఇల్లు నడిపి చదివించిన బాల్యం, నాటకాలలో వేషాలు, గురువు అండతో రాజమహేంద్రవరం చేరడం, వకీలుగా ఎదుగుదల, బారిస్టరు చదువు కోసం ఇంగ్లండు ప్రయాణం — వీటిని చెప్పే గొంతు ఆయనది. 81 ఏళ్ల పాలకుడు తన నిర్ణయాలను ఎలా చూసుకొన్నాడో చెప్పవలసిన చోట గొంతు మరొకరిది. తెన్నేటి విశ్వనాథం ఆ మంత్రివర్గంలో ఆర్థికమంత్రి కూడా. ఆ సాన్నిహిత్యం సమాచారానికి బలం, తీర్పుకు పరిమితి. మన ప్రశ్నకు అత్యవసరమైన ఘట్టంలో ఆత్మకథ జీవితచరిత్రగా మారిపోయింది. వార్ధక్యంలోని పాలకుని అంతరంగాన్ని గురించి ఈ గ్రంథం ఆధారంగా తీర్పులు చెప్పేవారు ఈ మార్పును ముందుగా లెక్కలోకి తీసుకోవాలి.

జరిగిన సంఘటనల క్రమం మాత్రం స్పష్టం. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాతో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. 1953లో విడివడిన ఆంధ్రరాష్ట్రానికి అది వారసత్వంగా వచ్చింది. నిషేధం అమలు తీరును పరిశీలించడానికి ప్రభుత్వం నియమించిన రామమూర్తి సంఘం నిషేధాన్ని తొలగించాలని సూచించింది. కల్లుగీత జీవనాధారంగా గలవారు ఆందోళన చేశారు. ప్రభుత్వం ఆ సిఫారసును అమలులో పెట్టలేదు. 1954 నవంబరులో శాసనసభలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి మంత్రివర్గం పడిపోయింది.

దీనిని చదివి, వృద్ధ నాయకుడు కాలాన్ని గుర్తించలేదని తేల్చడం సులభం. కాని రెండు విషయాలు ఆ తేలికపాటి తీర్పుకు అడ్డు వస్తాయి. మొదటిది, ప్రకాశం ప్రజలకు దగ్గరగా ఉన్నాడని చెప్పడానికి అందరూ చూపే ఘట్టమే ఆయన యౌవనానికి చెందినది కాదు. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భంగా తుపాకుల ఎదుట నిలిచిననాటికి ఆయనకు 55 ఏళ్లు. 1942లో జైలుకు వెళ్లేనాటికి 70కి చేరువలో ఉన్నాడు. రెండవది, ఆయన తరువాత వచ్చినవారి ప్రవర్తన. 1955లో ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డికి 47 ఏళ్లు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయిన నీలం సంజీవరెడ్డికి 43 ఏళ్లు. ఒక ప్రభుత్వాన్నే కూల్చిన ఆ నిషేధాన్ని వీరూ ఎత్తివేయలేదు. నిర్ణయం వార్ధక్యఫలమే అయితే, వయస్సులో దాదాపు సగమున్నవారు దానిని నిలబెట్టి ఉండకూడదు.

అయితే వయస్సుకు ఏ పాత్రా లేదనడమూ సరికాదు. నా ప్రతిపాదన ఇది. 1921లో సంపన్నమైన న్యాయవాదవృత్తిని వదులుకొని, ‘స్వరాజ్య’ పత్రికకు ఆస్తినంతా ధారపోసిన మనిషికి మద్యనిషేధం ఒక పరిపాలనాంశం కాదు. కల్లుదుకాణాల ముందు పికెటింగు సహాయనిరాకరణోద్యమంలో భాగం. ఎవరి విశ్వాసం కోసం వారు జీవితాన్ని ఇచ్చారో ఆ విశ్వాసాన్ని నేటి వాస్తవంతో సరిచూడమనడం, ఇచ్చిన జీవితాన్ని తిరిగి లెక్కకట్టమనడమే. ఈ కష్టం వయస్సు పెరిగినకొద్దీ పెరుగుతుంది. ఏళ్లు గడవడం మాత్రమే దీనికి కారణం కాదు; ఒకే విశ్వాసానికి మూల్యం చెల్లిస్తూ గడిపిన ఏళ్లు కారణం. ఆ విశ్వాసం మొదట జనం మధ్యనే పుట్టింది. అది పుట్టిన కాలపు జనంతో ఆయన బంధం తెగలేదు. 1954 నాటి గీతకార్మికుడు ఆ జనంలో లేడు.

గోపాలరెడ్డి, సంజీవరెడ్డి కూడా స్వాతంత్ర్యోద్యమంలో జైళ్లకు వెళ్లినవారే. కాని నిషేధాన్ని వారు ప్రధానంగా పార్టీ విధానంగా కొనసాగించారు. ఇక్కడ మరొక రకం ఎడం కనిపిస్తుంది. పెద్దలు మూల్యం చెల్లించి సంపాదించిన విశ్వాసం తరువాతివారికి నియమంగా అందుతుంది. విశ్వాసాన్ని సంపాదించినవానికి దానిని వదులుకోవడం బాధ. వారసత్వంగా పొందినవానికి దానిని ప్రశ్నించవలసిన అవసరమే తోచదు. ఫలితం ఒకటే, కారణాలు వేరు.

5. ఒకే చట్టం, రెండు పుట్టుకలు

మద్యనిషేధం కథ నాలుగు దశాబ్దాల తరువాత మళ్లీ వచ్చింది. ఈసారి అది కింది నుంచి వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతటా వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమానికి అక్షరాస్యతా ఉద్యమపు వాచకాలలోని పాఠాలు ఒక ప్రేరణ. కొత్తగా అక్షరాలు నేర్చిన స్త్రీలు పాఠంలో తమ ఇంటి కథను చదువుకొని సారా దుకాణాల మీదికి కదిలారు. 1993 అక్టోబరులో అప్పటి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో తిరిగి ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్యనిషేధానికి సంతకం చేశారు. అప్పటికి ఆయనకు 71 ఏళ్లు. ఆ నిషేధాన్ని 1997లో సడలించిన చంద్రబాబు నాయుడు అప్పటికి ఇంకా నలభైలలో ఉన్నారు. ప్రభుత్వ ఆదాయం అందుకు చెప్పిన కారణాలలో ప్రధానం.

ఈ క్రమాన్ని మళ్లీ వయస్సుతో చదవాలనుకొంటే చదవవచ్చు: 1954లో వృద్ధుడు వినలేదు, 1994లో వృద్ధుడు విన్నాడు, 1997లో అతని కంటె చిన్నవాడు ఆదాయం చూశాడు. ఇలా చెప్పగానే వయస్సు వివరణగా పనికిరాదని తేలిపోతుంది. 1994 నిర్ణయంలో ఎన్నికల లాభం లేదని ఎవరూ అనరు. కాని ఎన్నికల లాభం కూడా ఒక వినికిడే. ప్రజాస్వామ్యంలో నాయకుని చెవికి జనం మాట చేరడానికి ఉన్న మార్గాలలో అది మొదటిది. 1954లోనూ 1994లోనూ ప్రశ్న ఒకే చట్టం గురించి. మొదటి సందర్భంలో ఆ చట్టం నాయకుల గతం నుంచి వచ్చి పల్లెమీద నిలిచింది. రెండవ సందర్భంలో పల్లె నుంచి వచ్చి నాయకుని బల్లమీద నిలిచింది. చట్టంలోని పదాలు ఒకటే కావచ్చు; నాయకునికీ జనానికీ మధ్య ఉన్న ఎడం ఒకటి కాదు.

తెలుగు అధ్యయనానికి ఇందులో ఒక ప్రత్యేకమైన పాఠం ఉంది. 1992 ఉద్యమంలో నాయకుల చెవికి చేరినది బండివాని ప్రశ్న వంటిదే. ఊరిలో రోజూ తాకే అధికారాన్ని గురించిన ప్రశ్న అది. హెడ్డు కనిష్టీబు స్థానంలో సారా దుకాణం ఉంది. ఈసారి ప్రశ్న అడిగినవారికి చేతిలో వాచకం ఉంది. అందువల్ల ఆ ప్రశ్నను చూసి నవ్వడం గిరీశాలకు సాధ్యం కాలేదు.

6. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, మన గ్రంథాలు నాయకుని వయస్సును అర్హతగానూ అనర్హతగానూ నిలబెట్టలేదు. యయాతి కథలో వయస్సు చేతులు మారినా స్వభావం మారలేదు; ద్యూతసభలో న్యాయపక్షమూ అన్యాయపక్షమూ వయస్సును బట్టి విడిపోలేదు. రెండవది, ఎడానికి అసలు కారణం వినికిడిలో ఉంది. వినడమంటే చెవికి సోకడం కాదు, విన్నదానికి మూల్యం చెల్లించడం. ధృతరాష్ట్రుడూ గిరీశమూ ఈ మూల్యం దగ్గరే ఆగిపోయారు. మూడవది, వయస్సుకు ఒక నిజమైన ప్రభావం ఉంది. ఒక విశ్వాసం కోసం ఎక్కువకాలం త్యాగం చేసినవారికి ఆ విశ్వాసాన్ని ప్రశ్నించేవారి మాట వినడం కష్టం. ఈ కష్టం గౌరవించదగ్గది. కాని పాలించబడేవారు దానికి మూల్యం చెల్లించవలసిన పని లేదు.

ఈ కష్టాన్ని దాటడం అసాధ్యమేమీ కాదు. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరుగుతున్నప్పుడు విద్యార్థులు ‘రచయితలారా మీరెటువైపు?’ అన్న కరపత్రం పంచారు. సన్మానవేళ అది సుఖమైన ప్రశ్న కాదు. అదే సంవత్సరం జులై 4న ఏర్పడిన విప్లవ రచయితల సంఘానికి ఆయన అధ్యక్షుడయ్యారు. ఆ సంఘం మార్గంతో ఏకీభవించడం, ఏకీభవించకపోవడం వేరు చర్చ. తన యశస్సు మీద జరుగుతున్న పండుగలో వినబడిన ప్రశ్నకు ఒక 60 ఏళ్ల కవి తన చిరునామా మార్చి సమాధానం చెప్పాడన్నది ఇక్కడ ముఖ్యం. ఈ సంఘటనను మన విమర్శ తరచు యువతరం విజయంగా రాస్తుంది. అది వృద్ధుని వినికిడి కూడా. ఆ రెండవ సగాన్ని వదిలివేయడం మన కొలతలోని లోపం.

కాబట్టి నాయకుడు ఎంత ముసలివాడు, ఎంత పడుచువాడు అన్న ప్రశ్నకు బదులు అడగవలసినది మరొకటి. తనకు నచ్చని మాటను, తన పక్కన కూర్చోని మనిషి నుంచి, అతడు చివరిసారి ఎప్పుడు విన్నాడు? విన్న తరువాత ఏమి వదులుకొన్నాడు? పాత్రలను చదివేటప్పుడు విమర్శకుడు, ఓటు వేసేటప్పుడు పౌరుడు ఈ ప్రశ్న అడగగలిగితే, హెడ్డు కనిష్టీబును ఎప్పుడు బదిలీ చేస్తారని అడిగిన ఆ బండివానికి శతాబ్దం దాటిన తరువాతనైనా సమాధానం చెప్పడం మొదలుపెట్టినట్లవుతుంది.